కొండల వంపు: పుట్టుకా, చరిత్రా?

మదనపల్లె పేరు వినగానే సాహిత్య విద్యార్థికి 1919 గుర్తొస్తుంది. ఆ ఏడు రవీంద్రనాథ్ టాగూరు అక్కడి కాలేజీలో కొన్నాళ్లు గడిపి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించాడు. పుంగనూరు అంటే జమీ, ఆ జమీ పేరుతో ప్రసిద్ధమైన పొట్టి ఆవులు. కుప్పం అంటే మూడు రాష్ట్రాల పొలిమేర, 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం. ఈ మూడు ఊళ్ల గురించి మనకు తెలిసిన చరిత్ర ఇంచుమించు ఇంతే. కొంచెం వెనక్కి వెళితే పాళెగాళ్లు, ఇంకా వెనక్కి వెళితే శాసనాలు. శాసనం ఆగిన చోట మన చరిత్రా ఆగిపోతుంది. అక్షరం లేని చోట చరిత్ర లేదనటం మనకు అలవాటయిపోయింది.

ఈ అలవాటును ప్రశ్నించే సాక్ష్యం ఆ మూడు ఊళ్ల చుట్టూ పొలాల్లోనే పడివుంది. తెల్లటి, బూడిదరంగు గ్రానైటు నేలను చీల్చుకుంటూ, ఎవరో తాడు పట్టి కట్టినట్టు నల్లరాతి కట్టలు కొన్ని మైళ్ల పొడవున సాగిపోతుంటాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిని డైకులు అంటారు. పైనున్న గట్టి రాయి పగిలినప్పుడు లోపలి నుంచి ద్రవశిల ఆ పగుళ్లలోకి ఎగదన్ని గడ్డకట్టగా ఏర్పడినవి ఇవి. రాయి పేరు డోలరైటు. వ్యాపారులు దాన్నే బ్లాక్ గ్రానైటు అని అమ్ముతున్నారు. ఈ నల్లరాయిలో ఇనుము ఉంది. ఆ ఇనుములో జ్ఞాపకం ఉంది. ఈ వ్యాసం ఆ జ్ఞాపకాన్ని ఎలా చదువుతారు, చదివితే ఏం తెలుస్తుంది అన్న విషయం గురించి. సాహిత్య విమర్శకులకు దీనితో ఏం పని అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది.

1. కదలనిది అన్న భ్రమ

సంస్కృతంలో కొండకు 'అచలం' అని పేరు. కదలనిది అని అర్థం. మదనపల్లెకు ఈశాన్యాన ఉన్న కొండల వరసలో తిరుమల ఉన్న భాగానికి శేషాచలం అని పేరు పెట్టుకున్నాం. అచంచలమైన దానికీ శాశ్వతమైన దానికీ కొండనే ఉపమానంగా చెప్పటం మన కావ్య సంప్రదాయం. అయితే ఇదే సంప్రదాయంలో దీనికి విరుద్ధమైన కథలూ ఉన్నాయి. ఒకప్పుడు కొండలకు రెక్కలుండేవనీ, ఇంద్రుడు వాటిని నరికేశాడనీ, మైనాకుడొక్కడు సముద్రంలో దాక్కుని బతికిపోయాడనీ పురాణం చెబుతుంది. అగస్త్యుడి కోసం వింధ్యపర్వతం వంగిందనీ చెబుతుంది. అంటే కొండ కదులుతుందన్న ఊహా, కొండ వంగుతుందన్న ఊహా మన పూర్వులకు కొత్తవి కావు. లేనిదల్లా ఆ ఊహను పరీక్షించే సాధనం. ఎప్పుడు వంగింది, ఎంత వంగింది, ఏ బలం వంచింది అని అడిగే పద్ధతి లేనప్పుడు ఊహ కథగా మిగిలిపోతుంది.

పటం చూస్తే అడగవలసిన ప్రశ్న ఎదురుగానే కనిపిస్తుంది. కడప బేసిన్ అని పిలిచే రాతి ప్రాంతం తిరుపతి వైపు నుంచి పల్నాడు దాకా సుమారు 440 కిలోమీటర్ల పొడవు, ఎక్కువలో ఎక్కువ 145 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. విస్తీర్ణం 44 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాని ఆకారం నెలవంక. వీపు పడమటికి, కడుపు తూర్పుకు. అందులోని నల్లమల, వెలికొండ వరసలు కూడా ఈ వంపునే అనుసరిస్తాయి. దక్షిణాన కొంచెం వాయవ్యానికి మొగ్గి, నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగి, పైకి పోయేకొద్దీ ఈశాన్యానికి తిరుగుతాయి. ఈ ప్రాంతాన్ని మొదట క్రమబద్ధంగా సర్వే చేసి, 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున పెద్ద గ్రంథం వెలువరించినవాడు విలియం కింగ్. కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన తొలి దశాబ్దాలు అవి. బొగ్గు ఎక్కడ, వజ్రాలు ఎక్కడ, సున్నపురాయి ఎక్కడ అన్నది పాలకుల అవసరం. ఆ అవసరం కోసం గీసిన పటాలే తర్వాత మన భూచరిత్రకు పునాది కావటం గమనించదగ్గ విషయం. పటం గీయించినవాడి ఉద్దేశం ఒకటి, పటం చెప్పే నిజం మరొకటి.

కొండల వరస వంకరగా ఉంటే దానికి రెండు కారణాలు ఊహించవచ్చు. అది పుట్టటమే వంకరగా పుట్టి వుండాలి. లేదా తిన్నగా పుట్టి, తర్వాత ఏవో బలాల ఒత్తిడికి వంగి వుండాలి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత మొదటి పక్షం. 1955లో టాస్మేనియాలో పనిచేస్తున్న వారెన్ కేరీ రెండో పక్షాన్ని బలంగా ముందుకు తెచ్చాడు. ప్రపంచంలోని వంపు తిరిగిన పర్వత శ్రేణుల్లో చాలా భాగం మొదట తిన్ననివేననీ, మానై వంగినవేననీ వాదించాడు. అలా వంగిన శ్రేణులకు 'ఓరోక్లైన్' అని పేరు పెట్టాడు. ఖండాలు కదులుతాయనటమే అపరాధంగా ఉన్న రోజులు అవి. కేరీ మాట చాలామందికి కట్టుకథగా తోచింది. ఆ మాట నిలవాలన్నా పోవాలన్నా, రాయి తన పాత దిక్కును తానే చెప్పగలగాలి.

2. రాయి రాసుకున్న దిక్కు

సూదంటురాయి సంగతి మనకు ప్రాచీన కాలం నుంచీ తెలుసు. ఇనుప ఖనిజాలను బాగా వేడి చేస్తే వాటి అయస్కాంత గుణం పోతుంది. మాగ్నటైటుకు ఆ హద్దు సుమారు 580 డిగ్రీల సెల్సియస్. ద్రవశిల చల్లారుతూ ఆ హద్దు దిగినప్పుడు అందులోని మాగ్నటైటు రేణువులు అప్పటి భూమి అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా అయస్కాంతాలవుతాయి. ఇంకా చల్లారితే ఆ దిక్కు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత రాయి ఎటు కదిలినా, ఎటు తిరిగినా లోపలి దిక్కు కూడా దానితోపాటే కదులుతుంది, తిరుగుతుంది.

ఈ దిక్కులో రెండు అంశాలున్నాయి. ఒకటి, ఉత్తరానికి ఎంత పక్కకు తిరిగి ఉన్నదనేది. దీన్ని దిక్పాతం అంటారు. రెండోది, నేలకు ఎంత వాలి ఉన్నదనేది. ఇది అవపాతం. భూమధ్యరేఖ దగ్గర అయస్కాంత సూది నేలకు సమాంతరంగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిటారుగా నిలబడుతుంది. కాబట్టి అవపాతాన్ని కొలిస్తే ఆ రాయి చల్లారిన నాటి అక్షాంశం తెలుస్తుంది. దిక్పాతాన్ని కొలిస్తే ఆ రాయి తర్వాత పక్కకు తిరిగిందా లేదా అన్నది తెలుస్తుంది.

రాళ్లకు ఇలాంటి జ్ఞాపకం ఉందని పందొమ్మిదో శతాబ్దంలోనే ఇటలీలో గమనించారు. 1853లో మెల్లోనీ వెసూవియస్ లావా రాళ్లను పరీక్షించాడు. 1906లో ఫ్రాన్సులో బ్రూన్, నేటి దిక్కుకు పూర్తిగా వ్యతిరేక దిక్కు చూపే లావాను కనిపెట్టాడు. ఒకానొక కాలంలో భూమి ఉత్తర దక్షిణ ధ్రువాలే తారుమారయ్యాయని దాని అర్థం. అయినా ఈ విద్య శాస్త్రంగా నిలదొక్కుకున్నది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. 1950లలో బ్లాకెట్ ఇంగ్లండులో అతి సున్నితమైన అయస్కాంతమాపకాన్ని తయారుచేశాడు. 1956లో క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ అనే ముగ్గురు దక్కను నల్లరేగడి కింది లావారాళ్లను కొలిచి చూశారు. ఆ రాళ్లు చల్లారిననాడు ఈ దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని తేలింది. అంటే కదలని హిమాచలానికీ, కదలని సేతువుకూ మధ్య ఉన్నదని మనం చెప్పుకునే భూమి వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిందన్నమాట.

ఈ పరిశోధనలో మనవాళ్ల పాత్ర తక్కువది కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో సహస్రబుద్ధే, సి. రాధాకృష్ణమూర్తి ఈ పని చేపట్టారు. అదే సంస్థలో గణిత శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన డి.డి. కోశాంబి పాత వెండి నాణేల బరువుల అరుగుదలను లెక్కగట్టి ప్రాచీన భారత చరిత్రను కొత్తగా చదివాడు. ఒక కప్పు కింద ఒకరు నాణేన్నీ, మరొకరు రాతినీ సాక్ష్యం అడిగారు. రాజు తన గురించి తాను చెక్కించుకున్న శాసనం కంటే, ఎవరి ప్రమేయమూ లేకుండా వస్తువు మోసుకొచ్చిన గుర్తు ఎక్కువ నమ్మదగ్గదన్న దృష్టి రెండు పనుల్లోనూ ఒక్కటే.

హైదరాబాదులో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. 1967లో అక్కడి నుంచి వర్మ, జి. పుల్లయ్య గోదావరి లోయ ఇసుకరాళ్ల అయస్కాంతత్వంపై ఫలితాలు ప్రకటించారు. ఆ రాళ్ల పేరు తిరుపతి ఇసుకరాళ్లు అయినా, అవి ఉన్నది గోదావరి లోయలో. ఈ పుల్లయ్య గురించి మళ్లీ చెప్పుకోవలసి ఉంది.

3. ప్రక్షిప్తాల సమస్య

సాహిత్య విద్యార్థికి ఈ శాస్త్రం దగ్గరగా తోచేది ఇక్కడే. రాతిలో కనిపించే దిక్కంతా పుట్టినప్పటిదే అన్న హామీ లేదు. కొండకొమ్మున ఉన్న రాయిపై పిడుగు పడితే ఆ విద్యుత్తు పాత దిక్కును చెరిపి కొత్తది రాస్తుంది. రాయి మళ్లీ వేడెక్కినా, రసాయన మార్పులు జరిగినా కొత్త గుర్తులు చేరతాయి. కిందటి తరం పాఠం మీద తర్వాతి తరం లేఖకుడు తన పద్యాలు కలిపినట్టే ఇది.

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. కడప విడిచి వెళ్లిన తర్వాత వేమన పద్యాల ప్రతులు సేకరించటం మొదలుపెట్టి, 1829లో పుస్తకం అచ్చువేయించాడు. ఒక్క ప్రతిని నమ్మలేదు. చాలా ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన ఎంపికలతో మనం ఏకీభవించకపోవచ్చు, కాని పద్ధతి సరైనది. రాతిని పరీక్షించేవారు చేసేదీ అదే. ఒక డైకు నుంచి అనేక చోట్ల, బొటనవేలంత లావున్న రాతికడ్డీలు తొలిచి తీస్తారు. తీసేముందు అది ఏ దిక్కుకు ఉన్నదో రాతి మీదనే గుర్తు పెడతారు. నల్లరాయి అయస్కాంతం కనుక దిక్సూచిని తప్పుదారి పట్టించవచ్చు, అందువల్ల సూర్యుడి నీడతో కూడా దిక్కు చూసుకుంటారు. ప్రయోగశాలలో ఆ ముక్కను మెల్లమెల్లగా ఎక్కువ వేడికి గురిచేస్తూ, ప్రతిసారీ కొలుస్తారు. తర్వాత చేరిన బలహీనమైన గుర్తులు తక్కువ వేడికే ఊడిపోతాయి. చివరికంటా నిలిచినది మూలపాఠానికి దగ్గరగా ఉంటుంది.

మరో పరీక్ష ఇంకా అందమైనది. ద్రవశిల చొచ్చుకొచ్చినప్పుడు అంచునున్న గ్రానైటు కాలుతుంది. కాలిన గ్రానైటు కూడా అప్పుడే డైకుతోపాటు కొత్త దిక్కును గ్రహిస్తుంది. డైకుకు దూరంగా ఉన్న గ్రానైటు తన పాత దిక్కుతోనే ఉంటుంది. డైకూ, కాలిన అంచూ ఒకే దిక్కు చెప్పి, దూరపు గ్రానైటు వేరే దిక్కు చెబితే ఆ డైకు పాఠం అసలుదని రుజువు. మూడూ ఒకే దిక్కు చెబితే తర్వాతెప్పుడో అన్నింటినీ కలిపి ఎవరో తిరగరాశారని అనుమానించాలి.

తిరగరాత ఎంత వేడికి, ఎంత కాలానికి జరుగుతుంది? 1975లో పుల్లయ్య, కెనడాకు చెందిన ఇర్వింగ్, బ్యూకన్, డన్‌లప్‌లతో కలిసి దీనికి లెక్క కట్టాడు. పెద్ద మంట మీద పాలు క్షణాల్లో పొంగుతాయి. దాలిలో పెట్టిన పాలు పొంగకుండానే రోజంతా కాగి ఎర్రబడతాయి. రాయి కూడా అంతే. ప్రయోగశాలలో గంటసేపు ఎక్కువ వేడి చేసేపనిని, భూమి లోతుల్లో తక్కువ వేడి కోట్ల ఏళ్లపాటు నెమ్మదిగా చేస్తుంది. ఎంత వేడి ఎంత కాలానికి సమానమో చెప్పే ఆ రేఖలను ఇప్పటికీ ప్రపంచమంతా పుల్లయ్య పేరుతోనే వాడుతున్నారు. హైదరాబాదు ప్రయోగశాలలో పనిచేసిన ఒక తెలుగువాడి పేరు ప్రతి పాఠ్యగ్రంథంలో ఉందన్న సంగతి మన వాచకాలకు తెలియదు. ఇది చిన్న లోటు కాదు.

4. వంపుకు పరీక్ష

ఇప్పుడు కేరీ ప్రశ్నకు తిరిగి వద్దాం. పరీక్ష చాలా సరళమైనది. వంపు తిరిగిన కొండల వరసలో చివరి నుంచి చివరి దాకా అనేక చోట్ల రాళ్లు తీస్తారు. ప్రతిచోటా కొండ ఏ దిక్కుకు సాగుతున్నదో రాసుకుంటారు. అక్కడి రాయి దిక్పాతాన్ని కొలుస్తారు. కొండ దిక్కు మారినా రాయి దిక్కు మారకుండా అన్నిచోట్లా ఒకేలా ఉంటే, కొండ పుట్టుకతోనే వంకర. కొండ 30 డిగ్రీలు తిరిగిన చోట రాయి దిక్కు కూడా సరిగ్గా 30 డిగ్రీలు తిరిగి వుంటే, తిన్నని కొండే తర్వాత వంగింది. రాయి దిక్కు 15 డిగ్రీలే తిరిగి వుంటే, వంపులో సగం పుట్టుక, సగం చరిత్ర.

మూడో జవాబుకు అవకాశం ఇవ్వటమే ఈ పరీక్ష గొప్పదనం. వాదం చేసేవారు సాధారణంగా మొదటి రెండింటి దగ్గరే కొట్టుకుంటారు. యూరపులో ఈ పరీక్ష కేరీని చాలావరకు సమర్థించింది. స్పెయిన్ ఉన్న భూభాగం ఫ్రాన్సు నుంచి తిరిగి విడివడిందన్న ఆయన మాటను 1960లలో రాళ్లే నిలబెట్టాయి. ఉత్తర స్పెయిన్‌లో గుర్రపు నాడాలా వంగిన కాంటాబ్రియా కొండలు సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట వంగాయని తేలింది.

కడప నెలవంకకు కూడా ఈ ప్రశ్న వేశారు. 1987లో ప్రసాద్, పుల్లారెడ్డి, సుబ్బారావు, రాధాకృష్ణమూర్తి కలిసి కడప బేసిన్ నెలవంక ఆకారాన్ని అయస్కాంతత్వ దృష్టితో పరిశీలించిన వ్యాసం భారత భూగర్భ సంఘం సంపుటంలో వచ్చింది. నెలవంక రెండు అంచులూ ఒకలాంటివి కావు. పడమటి అంచున రాతిపొరలు దాదాపు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. తూర్పు అంచున తూర్పు నుంచి వచ్చిన తోపుడుకు పొరలు ముడుచుకుపోయి ఒకదానిపై ఒకటి ఎక్కాయి. ఒకే ఆకారానికి రెండు అంచుల్లో రెండు చరిత్రలున్నాయి. ఒకే సూత్రంతో మొత్తాన్ని తేల్చేయాలనుకునేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

5. విసనకర్రా, వంగిన కట్టెలా?

ఇక్కడి నుంచి కథ మళ్లీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేలమీదికి వస్తుంది. కడప రాళ్లన్నీ పరుచుకున్నది ఈ గ్రానైటు నేల మీదనే. కింద ఉన్న పీట వంకరగా ఉంటే పైన పరిచిన చాపకు ఆ వంకర రాకుండా ఉంటుందా? కనుక పీట సంగతి ముందు తేల్చుకోవాలి. ఆ పీట చరిత్రను డైకులు చెబుతాయి.

డైకుల వయసును బాడెలియైటు అనే ఖనిజంలోని యురేనియం సీసంగా మారే వేగాన్ని బట్టి లెక్కిస్తారు. 2007లో కెనడాకు చెందిన హాల్స్, హైదరాబాదు సంస్థకు చెందిన అనిల్ కుమార్, మరో ఇద్దరు కలిసి, బెంగుళూరు పరిసరాల నుంచి అనంతపురం వైపు తూర్పు పడమరలుగా సాగే డైకుల వయసు సుమారు 237 కోట్ల సంవత్సరాలని తేల్చారు. 2010లో ఫ్రెంచ్, హీమన్ అనే ఇద్దరు ప్రకటించిన వయసుల్లో కండ్లమడుగు డైకుది సుమారు 222 కోట్లు, సోమల డైకుది సుమారు 221 కోట్లు. రెండూ మదనపల్లె, పుంగనూరు వైపు ఊళ్ల పేర్లే. కండ్లమడుగు పేరు ఇప్పుడు ఒక డైకుల తరానికే పేరు. ఏ రాజూ శాసనంలో ఎక్కించని పల్లె, భూమి చరిత్రలో ఒక యుగానికి గుర్తుగా నిలిచింది.

ఈ డైకులను పటం మీద గీస్తే దక్షిణాన ఒక దిక్కుకు సాగినవే ఉత్తరాన తెలంగాణకు పోయేసరికి మరో దిక్కుకు తిరిగి ఉంటాయి. 237 కోట్ల ఏళ్ల తరం బెంగుళూరు దగ్గర తూర్పు పడమరలుగా, కరీంనగర్ వైపు ఈశాన్య నైరుతులుగా ఉంటుంది. దీనికి మొదట చెప్పిన వివరణ విసనకర్ర. భూమి లోతు నుంచి ఒకచోట వేడి శిల పొంగి, అక్కడి నుంచి కిరణాల్లా పగుళ్లు విచ్చుకున్నాయని. అంటే పుట్టుకతోనే వచ్చిన ఆకారం. 2019లో సోడర్‌లుండ్, ఆయన సహచరులు 18 డైకులకు కొత్తగా వయసులు కట్టి రెండో వివరణను ముందుకు తెచ్చారు. ఈ నేల ఉత్తర భాగం దక్షిణ భాగంతో పోలిస్తే అపసవ్యంగా సుమారు 30 డిగ్రీలు తిరిగిందనీ, ఆ తిరుగుడును సరిచేస్తే 208 కోట్ల ఏళ్లకు ముందున్న డైకుల వరసలు విసనకర్రలు కాకుండా ఇంచుమించు తిన్నని గీతలవుతాయనీ వారు చూపించారు.

దీన్ని పురా అయస్కాంతత్వంతో నేరుగా తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కుంది. 237 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల ధ్రువానికి దగ్గరగా ఉంది. కాబట్టి అప్పటి డైకుల్లో అయస్కాంత దిక్కు దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది. నిటారుగా పాతిన గునపాన్ని ఎంత తిప్పినా అది ఎటు తిరిగిందో చూసేవాడికి తెలియదు. వాల్చి పెట్టిన గునపమైతే దాని కొన ఎటు తిరిగిందో చెప్పవచ్చు. నేల ఏ అక్షాంశం నుంచి వచ్చిందో నిటారు దిక్కు బాగా చెబుతుంది గాని, పక్కకు తిరిగిన సంగతి దగ్గర తడబడుతుంది. సాక్షి నిజాయితీపరుడే, అతను నిలబడ్డ చోటు నుంచి ఆ ఘటన సరిగా కనబడలేదు.

మరి 30 డిగ్రీల మాట నమ్మటం ఎలా? డైకులు మొదట తిన్నగా ఉన్నాయనుకుని, తిప్పితే తిన్ననయ్యాయి కనుక మొదట తిన్ననివే అనటం గానుగెద్దు తర్కం. ఈ వాదానికి బలం మరోచోట ఉంది. వంపు ఒక్క తరం డైకుల్లోనే లేదు. వేరువేరు కాలాల్లో, వేరువేరు దిక్కుల్లో చొచ్చుకొచ్చిన తరాల్లో ఉంది. డైకులకంటే పాతవైన శిస్టు పట్టీల్లోనూ, 250 కోట్ల ఏళ్ల నాటి క్లోజ్‌పేట గ్రానైటులోనూ అలాంటి వంపే కనిపిస్తుంది. విసనకర్రలైతే ఒక్కో తరానికి ఒక్కో పిడి ఉండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని సాక్ష్యాలు ఒకే తిరుగుడుతో తిన్ననవటం యాదృచ్ఛికం అనటం కష్టం. వేరువేరు చోట్ల దొరికిన, వేరువేరు లేఖకులు రాసిన ప్రతులు ఒకే పాఠాన్ని సమర్థిస్తే పరిష్కర్త ఆ పాఠాన్నే తీసుకుంటాడు. ఇదీ ఆ తర్కమే. అయినా ఇది తుది తీర్పు కాదు. ఆ భూభాగం తిరగటానికి వారే రెండు మార్గాలు చెప్పి, రెండింటినీ చర్చకు వదిలారు. హైదరాబాదు పరిశోధకులు 450 కిలోమీటర్ల పొడవున్న ఒకే డైకును పొడవునా కొలిచి 2018లో ప్రకటించిన పనిలాంటివి ఇంకా జరగాలి.

కుప్పం ఈ కథకు ఇంకో పొర చేరుస్తుంది. కోలారు బంగారు శిస్టు పట్టీ దక్షిణపు కొస కుప్పం పక్కకే వస్తుంది. చిగరగుంట, బీసానత్తం గనులు దాని మీదివే. 1989లో క్రోగ్‌స్టాడ్, రాజామణి తదితరులు ఈ పట్టీకి రెండు పక్కలా ఉన్న నేలల పుట్టుక వేరువేరనీ, సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట రెండూ ఇక్కడ వచ్చి అతుక్కున్నాయనీ వాదించారు. మూడు రాష్ట్రాల పొలిమేర అని మనం అనుకునే చోటు, మూడు రాష్ట్రాలూ మూడు భాషలూ పుట్టకముందే ఒక పొలిమేర. భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. గని తవ్విన కార్మికుల తరం చెదిరిపోయింది.

6. సాక్ష్యం ఎటు పోతున్నది?

ఈ నల్లరాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? కొన్ని కొండమీద, కొన్ని పొలం గట్టున. చాలావరకు దిమ్మెలై లారీల మీద మద్రాసు రేవుకు పోయాయి, పోతున్నాయి. మెరుగుపెడితే అద్దంలా మెరిసే ఈ రాయికి యూరపులో, జపానులో సమాధిరాళ్లుగా గిరాకీ ఉంది. 220 కోట్ల ఏళ్ల కిందటి దిక్కును మోస్తున్న రాయి ఏ శ్మశానంలోనో ఎవరి పేరో చెక్కించుకుని నిలబడుతుంది. దిమ్మెను కదిలించే ముందు దాని దిక్కు గుర్తించకపోతే, ఆ రాతిలో అయస్కాంతత్వం ఉన్నా అది చెప్పే మాటకు అర్థం పోతుంది. ఏ పుటదో తెలియని తాటాకు ముక్కతో సమానం.

అయితే క్వారీని ఊరికే తిట్టటం సులభం. కొండకొమ్ములపై పిడుగులు చెరిపిన రాయి కంటే, క్వారీ లోతున బయటపడిన తాజా రాయే పరిశోధకుడికి మేలైన సాక్ష్యం. సాక్ష్యాన్ని బయటికి తీసేదీ, మాయం చేసేదీ ఒకే చెయ్యి. ఆ చెయ్యి యజమానిది కాదు. సమ్మెట పట్టి, ఉలి పట్టి, నేడు యంత్రం పట్టి పనిచేసే కూలీది. రాయి ఏ వైపు తేలిగ్గా చీలుతుందో, ఏ వైపు మొండికేస్తుందో తరాలుగా తెలిసినవాళ్లు రాతిపని చేసే కుటుంబాలవాళ్లు. ఆ జ్ఞానం ఏ గ్రంథానికీ ఎక్కలేదు. గ్రానైటు దుమ్ము మాత్రం వాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఎక్కి సిలికోసిస్ తెస్తుంది. కొండ చరిత్ర చెబుతూ కొండను మోసినవాడి పేరు చెప్పకపోతే, రాజులను కీర్తించి కోట కట్టినవారిని మరిచిన పాత చరిత్రకూ మన చరిత్రకూ తేడా ఉండదు. క్వారీకి అనుమతి ఇచ్చే కాగితంలో రాయల్టీ లెక్కతోపాటు ఒక గీతా, ఒక దిక్కూ, ఒక నమూనా కూడా ఉండాలని అడగటం పెద్ద కోరిక కాదు.

7. విమర్శకుడికి మిగిలేది

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అని మన సామెత. మనిషి ఏమిటో పుట్టుకే నిర్ణయిస్తుందన్న భావం దీని కింద ఉంది. కులం దీని మీదనే నిలబడింది. సాహిత్య చరిత్రలో కూడా ఈ భావం వేరే వేషంలో తిరుగుతుంటుంది. ఫలానా ప్రక్రియ స్వభావమే అంత, ఫలానా కవి సంస్కారమే అంత, ఫలానా ప్రాంతపు భాష మొదటి నుంచీ మోటే అంటుంటారు. కనిపిస్తున్న వంపును పుట్టుకకు అంటగట్టి ఊరుకోవటం ఇది. దీనికి విరుగుడుగా, వంపు ఏదైనా సరే వెలుపలి ఒత్తిడి వల్లనే వచ్చిందని ప్రతిచోటా ఒకే మంత్రం చదవటం మన శిబిరంలో తరచుగా జరిగే పొరపాటు. ఇదీ పరీక్షించకుండా చెప్పే జవాబే.

రాతి అయస్కాంతత్వం ఈ రెండు సోమరితనాలనూ ఒప్పుకోదు. ఎన్ని డిగ్రీలు పుట్టుక, ఎన్ని డిగ్రీలు చరిత్ర అని అడుగుతుంది. అసలు పాఠం ఏదో, తర్వాత చేరినది ఏదో వేడి పెట్టి విడదీయమంటుంది. ఒక సాక్షి నిలబడ్డ చోటు నుంచి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో ముందే లెక్క వేసుకోమంటుంది. ఒక సాక్ష్యం చాలనప్పుడు స్వతంత్రమైన మరికొన్నింటిని వెతకమంటుంది. రాయలసీమ భాషను, దాని సాహిత్యాన్ని, అక్కడి కరువు బతుకును గురించి రాసేవారికి ఇంతకు మించిన పద్ధతి పాఠం ఏ అలంకార శాస్త్రంలోనూ దొరకదు.

గట్టిదనానికి మారుపేరయిన రాయే వంగింది, తిరిగింది, వేల మైళ్లు నడిచింది. తనకు జరిగినదాన్ని తనలోనే రాసుకుంది. అలాంటప్పుడు మనుషులు కట్టుకున్న ఏర్పాట్లు మాత్రం అచలాలని ఎవరైనా చెబితే, ఆ మాటకు రుజువు చూపవలసిన బాధ్యత చెప్పేవారిదే.